బిళ్ళగన్నేరు

పాఠం ఉద్దేశం: మన ఇంటి ముంగిట సులభంగా పెరిగే ఒక చిన్న పూలమొక్కను గురించి తెలుసుకోవడం, దానిని పెంచే పద్ధతిని నేర్చుకోవడం, మొక్కలకూ మనిషి ప్రాణానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించడం.

పిల్లలూ! మీరు బడికి వచ్చే దారిలో ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వేప, రావి, కానుగ, తుమ్మ వంటి పెద్ద చెట్లను మనం గుర్తుపడతాం. కాని గోడ వారన, బావిగట్టు మీద, రాళ్ళ సందులలో మోకాలి ఎత్తున నిలబడి, గులాబిరంగు పూలో తెల్లని పూలో పూస్తూ ఉండే ఒక చిన్న మొక్కను చూసి కూడా చూడనట్టే వెళ్ళిపోతాం. దానికి ఎవరూ నీళ్ళు పోయరు, ఎవరూ ఎరువు వేయరు. అయినా అది ఎండాకాలం, వానాకాలం అనకుండా పూస్తూనే ఉంటుంది. ఆ మొక్క పేరు బిళ్ళగన్నేరు.

ఈ మొక్కను మీ ఇంట్లో బిళ్ళగన్నేరు అంటారు. మీ పక్కింటి వాళ్ళు మరో పేరుతో పిలుస్తూ ఉండవచ్చు. తమిళంలో దీనిని నిత్యకల్యాణి అంటారు. ఎవరూ పట్టించుకోని శ్మశానాలలో కూడా పూస్తుంది కనుక ‘సుడుగాట్టు మల్లి’ అని కూడా అంటారు. కన్నడంలో నిత్యపుష్ప అనీ, కాశి కణగిలె అనీ పేర్లు ఉన్నాయి. ‘కణగిలె’ అంటే మన గన్నేరే. మరాఠీలో దీని పేరు సదాఫులీ. హిందీలో సదాబహార్. ఈ పేర్లన్నీ కలిపి చదవండి. నిత్య, సదా అనే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కదా! ఎప్పుడూ పూసే గుణాన్ని చూసి అందరూ ఆ పేర్లు పెట్టుకున్నారు. తెలుగువారు మాత్రం పువ్వు ఆకారాన్ని చూశారు. ఐదు రేకులూ విచ్చుకొని బిళ్ళలాగా చదునుగా పరచుకొని ఉంటాయి. పక్కింటి పేరు నేర్చుకోండి, మన ఇంటి పేరు మరువకండి. ఒకే పువ్వును గురించి రెండు భాషలవారు ఏమేమి గమనించారో రెండు పేర్లూ తెలిసినవారికే అర్థమవుతుంది.

మొక్క రూపం

బిళ్ళగన్నేరు సాధారణంగా రెండు మూడు అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆకులు కోలగా, నున్నగా, ముదురు ఆకుపచ్చ రంగులో మెరుస్తూ ఉంటాయి. ప్రతి కణుపు దగ్గర రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఆకు నడుమ లేతరంగులో ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. పువ్వు క్రింద సన్నని గొట్టం ఉంటుంది. ఆ గొట్టం అడుగున తేనె ఉంటుంది. పొడవైన నాలుక ఉన్న సీతాకోకచిలుకలు మాత్రమే ఆ తేనెను సులభంగా అందుకోగలవు. పూలు తెల్లగానో, గులాబిరంగులోనో ఉంటాయి. కొన్ని తెల్లపూల నడుమ కుంకుమబొట్టు పెట్టినట్టు ఎర్రని చుక్క ఉంటుంది.

పువ్వు రాలిన తరువాత పెసరకాయలకంటే చిన్నవైన రెండు సన్నని కాయలు జంటగా వస్తాయి. పండినప్పుడు అవి పగులుతాయి. లోపల నువ్వుగింజకంటే చిన్నవైన నల్లని విత్తనాలు ఉంటాయి.

గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనం, ఇవన్నీ బిళ్ళగన్నేరుకు చుట్టాలే. శాస్త్రజ్ఞులు వీటన్నింటినీ ఒకే కుటుంబంలో చేర్చారు. ఈ కుటుంబంలోని మొక్కలు చాలావరకు విషం గలవి. బిళ్ళగన్నేరు కూడా అటువంటిదే. ఈ మాటను ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. దీని అవసరం పాఠం చివర తెలుస్తుంది.

అవ్వ చెప్పిన మాట

నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను. మాది తమిళనాడులో కోవిల్‌పట్టి ప్రాంతపు పల్లె. చుట్టూ నల్లరేగడి భూములు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నాలుగో తరగతిలో ఉండగా మా పక్కింటి అత్త ఒక బిళ్ళగన్నేరు నారు తెచ్చి నా చేతిలో పెట్టింది. “జాగ్రత్తగా పెంచుకో” అన్నది. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఎండ తగలకూడదని నీళ్ళతొట్టి పక్కన నీడలో నాటాను. ప్రొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు పోశాను. మా ఊళ్ళో నీళ్ళకు ఎంత కరువో మీకు తెలియదు. ఇంటికి దూరంగా ఉన్న బావినుండి అమ్మ మోసుకొచ్చిన నీళ్ళవి.

పది రోజులకు ఆకులు పసుపుపచ్చగా మారాయి. దాహం వేసిందేమోనని ఇంకొక చెంబు పోశాను. మరి నాలుగు రోజులకు మొక్క తలవాల్చింది. నేను ఏడుస్తూ అవ్వ దగ్గరికి వెళ్ళాను.

అవ్వ వచ్చి, మొక్కను మెల్లగా పెరికి, వేళ్ళను నా ముక్కు దగ్గర పెట్టింది.

“ఏం వాసన వస్తావుందిరా?”

“కుళ్ళిన వాసన అవ్వా.”

“ఇది దాహంతో చావలేదు నాయనా, మునిగి చచ్చిపోయింది. వేరుకు కూడా ఊపిరి కావాల. నువ్వు దానికి ఊపిరాడనియ్యలేదు.”

“మరి నేను బాగా చూసుకున్నాను కదా అవ్వా!”

“నువ్వు నీకు నచ్చినట్టు చూసుకున్నావు. దానికి ఏం కావాలో అడగలేదు.”

“మొక్కను ఎట్లా అడిగేది?”

అవ్వ నవ్వి నన్ను వీధిలోకి తీసుకుపోయింది. మట్టిగోడ పగుళ్ళలో, గుడి వెనుక రాళ్ళలో, మండుటెండలో పూస్తున్న బిళ్ళగన్నేరు మొక్కలను చూపించింది. “ఇదో, ఇట్లా అడిగేది. అది తనంతట తాను ఎక్కడ మొలిచిందో చూడు. దానికి ఏం ఇష్టమో అదే చెప్తుంది” అన్నది.

ఆ తరువాత ఎన్నో మొక్కలను పెంచాను. ఎన్నో పుస్తకాలు చదివాను. తోటపనిని గురించి అవ్వ చెప్పినదానికంటే మంచి మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పెంచే పద్ధతి

ఇప్పుడు మనం బిళ్ళగన్నేరును ఎలా పెంచాలో వరుసగా తెలుసుకుందాం.

చోటు: బిళ్ళగన్నేరుకు ఎండ కావాలి. రోజుకు కనీసం ఆరు గంటలు సూటిగా ఎండ తగిలే చోటును ఎంచుకోండి. నీడలో పెడితే మొక్క సన్నగా సాగిపోతుంది, పూలు తగ్గిపోతాయి.

మట్టి: నీరు నిలవని మట్టి కావాలి. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. పచ్చి పేడ వేయకూడదు. కుండీ అడుగున రంధ్రం తప్పక ఉండాలి. రంధ్రం మట్టితో మూసుకుపోకుండా దానిపై ఒక పెంకుముక్కను బోర్లించండి. కుండీ కొనవలసిన పని లేదు. పగిలిన కుండ, పాత డబ్బా, చిల్లుపడిన బకెట్టు ఏదైనా పనికివస్తుంది.

విత్తనాలు: కాయలు ఆకుపచ్చగా ఉన్నప్పుడు కోస్తే గింజలు మొలవవు. కాయ పసుపురంగుకు తిరిగి ఎండబోతున్నప్పుడు కోయాలి. ఆలస్యం చేస్తే కాయ పగిలి గింజలు నేలరాలుతాయి. కోసిన కాయలను కాగితం పొట్లంలో నీడన ఆరబెట్టండి. అప్పటికప్పుడు సేకరించిన కొత్త గింజలు బాగా మొలుస్తాయి.

విత్తడం: ఈ గింజలకు ఒక వింత గుణం ఉంది. మొలిచిన తరువాత ఎండను ఇంతగా కోరే మొక్క, మొలకెత్తేటప్పుడు మాత్రం చీకటిని కోరుతుంది. అందుచేత గింజలను చల్లి వదిలేయకూడదు. వాటిపై పలుచగా మట్టి కప్పి, నీళ్ళు చిలకరించి, మొలకలు కనిపించేవరకు పైన ఒక గోనెపట్టానో, పాత కాగితాన్నో కప్పి ఉంచాలి. వెచ్చని వాతావరణంలో ఒకటి రెండు వారాలలో మొలకలు వస్తాయి. మొలక కనిపించిన రోజే పైకప్పును తీసివేయాలి.

నాటడం: రెండు నెలలలో నారు నాటడానికి సిద్ధమవుతుంది. సాయంత్రం చల్లబడిన తరువాత నాటండి. నేలలో నాటితే మొక్కకూ మొక్కకూ మధ్య అడుగు నుండి అడుగున్నర దూరం ఉంచండి. గాలి ఆడితే తెగుళ్ళు తగ్గుతాయి. గింజలు దొరకకపోతే, పూలు లేని లేత కొమ్మను బెత్తెడు పొడవున కత్తిరించి, క్రింది ఆకులు తీసివేసి, తడి ఇసుకలో గుచ్చినా వేళ్ళు తొడుగుతుంది.

నీళ్ళు: చూపుడువ్రేలిని మొదటి కణుపువరకు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా ఉంటే పోయండి. నీళ్ళు ఆకులమీద కాక మొదట్లో పోయాలి. క్రొత్తగా నాటిన మొక్కకు మాత్రం వేళ్ళు పట్టేవరకు కొద్దికొద్దిగా తడి ఇస్తూ ఉండాలి.

తుంచడం, ఎరువు: మొక్క జానెడు ఎత్తు పెరిగాక కొన చిగురును తుంచండి. అప్పుడు పక్కకొమ్మలు వచ్చి మొక్క గుబురుగా పెరుగుతుంది. రెండు నెలలకు ఒకసారి గుప్పెడు చివికిన ఎరువు చాలు. ఎరువు ఎక్కువైతే ఆకులు పెరుగుతాయి, పూలు తగ్గుతాయి. వాడిన పూలను కోసివేసే పని కూడా లేదు. వాటంతట అవే రాలిపోతాయి.

మీ ఊరు, మీ నేల

ఈ పుస్తకం చదివే మీరందరూ ఒకే చోట లేరు. మొక్క ఒకటే అయినా ఊరిని బట్టి పెంపకం మారుతుంది.

బళ్ళారి, షోలాపూరు, కోవిల్‌పట్టి ప్రాంతాలలో నల్లరేగడి ఎక్కువ. ఈ మట్టి తడిని చాలాకాలం పట్టి ఉంచుతుంది. పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. కనుక ఇసుక ఎక్కువగా కలిపి, మడిని ఎత్తుచేసి నాటాలి. హోసూరు వైపు వాతావరణం చల్లన. మార్గశిర, పుష్య మాసాలలో మొక్క ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు పూలు తగ్గాయని బెంగపడి ఎక్కువ నీళ్ళు పోయకూడదు. ఎండ వేడెక్కగానే మళ్ళీ పూస్తుంది. బరంపురం, యానాం వంటి తీరప్రాంతాలలో వానలు, తుఫానులు ఎక్కువ. అక్కడ మడిని జానెడు ఎత్తున వేయండి. కుండీలను ఇటుకలమీద పెట్టండి. ముసురు పట్టినప్పుడు చూరు క్రిందికి జరపండి.

తెగుళ్ళు

ఈ మొక్కకు శత్రువులు తక్కువ. పశువులు, మేకలు దీనిని ముట్టవు. కంచె లేని చోట కూడా ఇది బ్రతకడానికి అదే కారణం. అయినా కొన్ని తెగుళ్ళు వస్తాయి.

నీరు నిలిచినప్పుడు వేరు కుళ్ళుతుంది. కొమ్మలు కొననుండి నల్లబడి ఎండిపోతాయి. అటువంటి కొమ్మలను కోసివేసి, నీళ్ళు తగ్గించాలి. పిండినల్లి పడితే ఆకుల కణుపులలో దూదిలాగా తెల్లగా కనిపిస్తుంది. సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. మూడవది చిన్న ఆకు తెగులు. ఆకులు చిన్నవై, గుబురుగా ముడుచుకొని, పూలు కూడా ఆకుపచ్చగా మారిపోతాయి. రసం పీల్చే చిన్న పురుగులు దీనిని ఒక మొక్కనుండి మరొక మొక్కకు మోసుకుపోతాయి. దీనికి మందు లేదు. తెగులు సోకిన మొక్కను పెరికి కాల్చివేయాలి. చేతులారా పెంచినదాన్ని పెరకడం కష్టమే. కాని అలా చేయకపోతే పక్క మొక్కలన్నీ పోతాయి.

ఎక్కడినుండి వచ్చింది?

ఊరూరా, వీధివీధినా కనిపించే బిళ్ళగన్నేరు నిజానికి మన దేశపు మొక్క కాదు. ఆఫ్రికాకు తూర్పున, హిందూ మహాసముద్రంలో మడగాస్కర్ అనే పెద్ద దీవి ఉంది. దీని పుట్టిల్లు అదే. ఈ మొక్క తెగలో ఎనిమిది జాతులు ఉన్నాయి. అందులో ఏడు మడగాస్కర్‌కు చెందినవి. మిగిలిన ఒక్క చిన్నపూల జాతి భారతదేశానికి, శ్రీలంకకు చెందినది. దాని పూలు తెల్లగా, చిన్నవిగా ఉంటాయి. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1759లో బిళ్ళగన్నేరుకు వింకా రోజియా అని పేరు పెట్టాడు. ఇప్పుడు దీని శాస్త్రీయ నామం కథరాంథస్ రోజియస్. గ్రీకు భాషలో కథరాంథస్ అంటే స్వచ్ఛమైన పువ్వు అని అర్థం.

ఓడలలో విత్తనాలుగా బయలుదేరి ఈ మొక్క వెచ్చని దేశాలన్నింటికీ చేరింది. వెళ్ళిన ప్రతిచోటా ఆ నేలకు అలవాటు పడింది. ఆ ఊరివారు పెట్టిన పేరును తెచ్చుకుంది. కాని పుట్టింట్లో దాని పరిస్థితి అంత బాగా లేదు. మడగాస్కర్‌లో అడవులను నరికి, కాల్చి సేద్యానికి తీసుకోవడంవల్ల అక్కడి సహజమైన చోట్లు తగ్గిపోతూ వచ్చాయి.

ఉత్తరంలో వచ్చిన ఆకులు

చాలా దేశాలలో ప్రజలు బిళ్ళగన్నేరు ఆకుల కషాయాన్ని మధుమేహానికి నాటుమందుగా వాడేవారు. 1952లో జమైకా దీవినుండి కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే వైద్యునికి ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఇరవైఐదు బిళ్ళగన్నేరు ఆకులు ఉన్నాయి. ఆయన వాటిని పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చాడు.

రాబర్ట్ నోబుల్ ఆకుల రసాన్ని ఎలుకలకు త్రాగించి చూశాడు. వాటి రక్తంలోని చక్కెర తగ్గలేదు. చాలామంది అక్కడితో ఆపివేసేవారు. ఆయన ఆ రసాన్ని సూదిమందుగా ఇచ్చి చూశాడు. ఎలుకలు జబ్బుపడి చనిపోయాయి. ఎందుకు చనిపోయాయో తెలుసుకోవాలని వాటి రక్తాన్ని పరీక్షించాడు. తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోయి ఉన్నాయి. రోగాలతో పోరాడే కణాలు అవే. అవి లేకపోవడంవల్ల ఎలుకలకు సూక్ష్మజీవులు సోకాయి.

ఇక్కడే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రక్తకాన్సరు అనే జబ్బులో తెల్లరక్తకణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయి. వాటిని తగ్గించే పదార్థం ఈ ఆకులో ఉంటే అది ఆ జబ్బుకు మందు కావచ్చు కదా! 1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆయనతో చేరాడు. 1958లో వారు విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వేరుచేసి లోకానికి చెప్పారు. అదే కాలంలో అమెరికాలో ఇదే మొక్కపై పనిచేస్తున్న మరొక బృందం విన్‌క్రిస్టిన్ అనే ఇంకొక పదార్థాన్ని కనుగొన్నది. 1963లో అమెరికా ప్రభుత్వం దానిని మందుగా అనుమతించింది.

ఈ మందులు ఎలా పనిచేస్తాయి? మన శరీరంలో ఒక కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపల సన్నని దారాలవంటివి ఏర్పడతాయి. ఈ మందు ఆ దారాలను ఏర్పడనివ్వదు. అప్పుడు కణం విడిపోలేక చచ్చిపోతుంది. కాన్సరు కణాలు చాలా త్వరగా విడిపోతూ ఉంటాయి కనుక మందు వాటిని ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఆకులో ఈ పదార్థం ఉండేది అత్యల్పం. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకులు కావాలి. అందుకే దీనిని పంటగా కూడా పండిస్తారు. విరుదునగరం, తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాల మెట్టభూములలో రైతులు దీనిని సాగుచేస్తున్నారు. వానలు తక్కువైనా తట్టుకుంటుంది, పశువులు మేయవు కనుక ఆ నేలకు సరిపోయింది. ఆకులను కాన్సరు మందులకు, వేళ్ళను రక్తప్రసరణకు సంబంధించిన మరొక మందుకు ఉపయోగిస్తారు. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ నిర్మల్, ధవళ్ అనే తెల్లపూల రకాలను రూపొందించింది.

ఇంత మేలుచేసిన మొక్కకు పుట్టిల్లయిన మడగాస్కర్‌కు ఈ మందుల లాభంలో వాటా దక్కలేదు. ఒక దేశపు మొక్కలపై ఆ దేశానికి హక్కు ఉండాలన్న మాట 1992లో జరిగిన జీవవైవిధ్య ఒప్పందంతో బలపడింది. మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది.

తిరిగివచ్చిన విద్యార్థిని

నేను ఉపాధ్యాయునిగా పనిచేస్తున్న రోజులలో ఒక ఆరవ తరగతి బాలిక బడికి రావడం మానివేసింది. రక్తకాన్సరు అని తెలిసింది. నెలలు గడిచాయి. ఆమె పేరు హాజరుపట్టీలో చదివినప్పుడల్లా తరగతి నిశ్శబ్దమైపోయేది. మరుసటి ఏడు ఒకరోజు వాళ్ళ నాన్న ఆమెను సైకిలుపై ఎక్కించుకొని తీసుకువచ్చాడు. తలకు రుమాలు కట్టుకొని ఉంది. జుట్టు రాలిపోయింది. వెంట్రుకల కుదుళ్ళలోని కణాలు కూడా త్వరగా విడిపోయేవే. అందువల్ల చికిత్సలో వాడే మందులు వాటినీ దెబ్బతీస్తాయి. మళ్ళీ జుట్టు వస్తుందని పిల్లలకు చెప్పాను.

విరామ సమయంలో ఆమె బడి గోడ దగ్గర నిలబడి ఒక మొక్కను చూస్తూ ఉంది.

“అయ్యగారూ, నాకు ఎక్కించిన మందులలో ఒకటి ఈ మొక్కలో నుంచే వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. నిజమేనా?”

“నిజమేనమ్మా.”

“అయితే నేను ఇన్నాళ్ళూ దీని పక్కనుంచే బడికి వచ్చానన్నమాట!” అన్నది.

అది బిళ్ళగన్నేరు. ఆమె కోలుకున్నది. ఒక్క మందువల్లనే కాదు. ఎన్నో మందులు, వైద్యుల శ్రద్ధ, తల్లిదండ్రుల ఓర్పు కలిసి ఆమెను నిలబెట్టాయి. పిల్లలకు వచ్చే రక్తకాన్సరుకు ఒకప్పుడు చికిత్స దాదాపు లేనట్టే ఉండేది. ఇప్పుడు సకాలంలో సరైన వైద్యం అందితే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటున్నారు.

ఒక హెచ్చరిక

ఆ సంగతి ఊళ్ళో తెలిశాక ఒక పెద్దాయన చక్కెర జబ్బుకని బిళ్ళగన్నేరు ఆకులు కోసుకోవడానికి బడికి వచ్చాడు. ఆ బాలికే ఆయనకు అడ్డుపడింది. “తాతా, వద్దు. ఆసుపత్రిలో నాకు మందు ఎక్కించేటప్పుడు ఎన్నిసార్లు రక్తం పరీక్ష చేశారో! చుక్క ఎక్కువైనా ప్రమాదమట. నువ్వు కషాయం కాచుకొని తాగితే ఎంత తాగావో ఎవరికి తెలుస్తుంది?” అన్నది. పెద్దాయన కాసేపు ఆలోచించి, ఆకులను అక్కడే పారవేసి వెళ్ళిపోయాడు.

పిల్లలూ! ఆమె మాట మీరూ గుర్తుపెట్టుకోండి. బిళ్ళగన్నేరు ఆకును గాని, పువ్వును గాని, వేరును గాని నోట్లో పెట్టకూడదు. కషాయం కాచి త్రాగకూడదు. మొక్కను ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వారి చేతికి అందనిచోట పెంచాలి. ఆకులోని విషాన్ని మందుగా మార్చడానికి ఎందరో ఎన్నో ఏండ్లు శ్రమించారు. ఆ పని వంటింట్లో జరిగేది కాదు.

ఈ పాఠం అయిపోయిన తరువాత బయటికి వెళ్ళి మీ బడి చుట్టూ చూడండి. ఎక్కడో ఒకచోట బిళ్ళగన్నేరు కనిపిస్తుంది. పండిన కాయలు ఉంటే కోసి, కాగితంలో దాచండి. ఒక పాత డబ్బాలో మట్టి నింపి విత్తండి. మొలకలు వచ్చాక ఒకటి మీరు ఉంచుకొని, ఒకటి పక్కింటివారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మన పేరు చెప్పండి, వారి పేరు అడిగి తెలుసుకోండి.

అభ్యాసం

కొత్త పదాలు – అర్థాలు
వారన = పక్కన, ఒరన
చివికిన = బాగా కుళ్ళి మట్టిలా మారిన
ముసురు = విడవకుండా పట్టిన వాన
మెట్టభూమి = కాలువ నీరు లేక వానపై పండే నేల
మధుమేహం = చక్కెర జబ్బు
అత్యల్పం = చాలా తక్కువ

I. ఈ ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. బిళ్ళగన్నేరుకు వివిధ భాషలలో ఉన్న పేర్లు ఏవి? వాటివల్ల మొక్క గుణాలు ఏవి తెలుస్తున్నాయి?
2. రచయిత నాటిన మొదటి మొక్క ఎందుకు చనిపోయింది?
3. “దానికి ఏం కావాలో అడగలేదు” అని అవ్వ అనడంలో ఉద్దేశం ఏమిటి?
4. గింజలను విత్తిన తరువాత పైన ఎందుకు కప్పాలి?
5. బాలిక పెద్దాయనను ఎందుకు వారించింది?

II. ఈ ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. బిళ్ళగన్నేరును పెంచే పద్ధతిని మీ ఊరి నేలకు తగినట్టు వివరించండి.
2. రాబర్ట్ నోబుల్ వెతికినది ఒకటి, దొరికినది మరొకటి. ఆ కథను మీ మాటలలో వ్రాయండి.

III. సొంత వాక్యాలలో ఉపయోగించండి.
తలవాల్చు, వేళ్ళు తొడుగు, ఊరూరా, చేతులారా

IV. ప్రకృతి – వికృతులను చదవండి.
పుష్పం – పూవు, వర్ణం – వన్నె, ఆకాశం – ఆకసం

V. విడదీసి, సంధి పేరు వ్రాయండి.
అందుకే, అత్యల్పం, ఎండుటాకు

VI. చేసి చూడండి.
1. మీ పక్కింటివారు, స్నేహితులు బిళ్ళగన్నేరును ఏ పేరుతో పిలుస్తారో అడిగి పట్టిక తయారుచేయండి. ఒడిశాలోని విద్యార్థులు ఒడియా పేరును కూడా చేర్చండి.
2. రెండు డబ్బాలలో ఒక్కొక్క మొక్కను నాటండి. ఒకదానిని ఎండలో, మరొకదానిని నీడలో ఉంచండి. రెండు నెలలపాటు ప్రతి వారం ఎత్తును, పూల సంఖ్యను వ్రాసిపెట్టండి. మీరు గమనించిన తేడాను తరగతిలో చదివి వినిపించండి.